ఫార్మింగ్టన్ హిల్స్ రాంచ్ ఇంట్లో బ్లోన్-ఇన్ ఇన్సులేషన్ సొంతంగా వేసుకోవడం: ఒక కేస్ స్టడీ

డెట్రాయిట్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు కొనే ఇళ్లు ఎక్కువగా రెండు రకాలు. నొవై, కాంటన్ లాంటి ఊళ్లలో 1990ల తర్వాత కట్టిన రెండంతస్తుల ఇళ్లు మొదటి రకం. ఫార్మింగ్టన్ హిల్స్, లివోనియా వైపు 1950లు, 60ల్లో కట్టిన ఒకే అంతస్తు రాంచ్ ఇళ్లు రెండో రకం. రాంచ్ ఇంట్లో నేల ఎంత ఉంటే సీలింగ్ అంత ఉంటుంది, ప్రతి గది మీదా అటిక్ (సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఉండే ఖాళీ చోటు) ఉంటుంది. అందుకే పైన ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) బాగా లేకపోతే ఆ చలి ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

నేను ఇక్కడ ఎనర్జీ ఆడిటర్‌గా పనిచేస్తాను. ఇంటికి వెళ్లి వేడి ఎక్కడెక్కడ పోతోందో కొలిచి, ఏది ముందు చేయాలో చెప్పడం నా పని. ఈ కేసులో ఇంటివాళ్లు కాంట్రాక్టర్‌ని పెట్టుకోకుండా తామే చేస్తామన్నారు. ముందు కొలతలు, తర్వాత కొలతలు నావి. మధ్యలో పని వాళ్లది, నేను పక్కనుండి చూపించాను. బ్లోన్-ఇన్ అంటే పొట్టులా ఉండే ఇన్సులేషన్‌ను మెషిన్‌తో అటిక్‌లోకి ఊదడం. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఒక్కటే. వీడియోల్లో మెషిన్ అద్దెకు తెచ్చి పొట్టు ఊదేయడమే మొత్తం పని అన్నట్టు చూపిస్తారు. ఊదడం ఒక పూట పని. దానికి ముందు చేయాల్సినవి చేయకుండా ఊదితే ఆ లోపాలన్నీ అడుగు మందం పొట్టు కింద కప్పబడిపోతాయి. తర్వాత వాటిని తవ్వి చూసేవాళ్లు ఉండరు.

ఇల్లు, ఇబ్బంది

1964లో కట్టిన ఇల్లు. పైన 1,300 చదరపు అడుగులు, కింద బేస్‌మెంట్, పక్కన ఇంటికి ఆనుకుని గరాజ్. భార్యాభర్తలు, స్కూలుకెళ్లే పాప, నల్గొండ నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన భర్త తండ్రి. వాళ్ల ఫిర్యాదులు మూడు. ఉత్తరం వైపున్న పాప గది జనవరిలో ఎంత హీటర్ పెట్టినా వెచ్చబడదు. ముందు గుమ్మం పైన చూరుకు మంచు గడ్డకట్టి, నీళ్లు షింగిల్స్ (పైకప్పు పలకలు) కిందికి ఎక్కి, హాల్లో సీలింగ్ మీద పసుపు మరక పడింది. మూడోది గ్యాస్ బిల్లు, అది చెప్పనక్కర్లేదు.

చూరు మీద గడ్డకట్టే ఆ మంచును ఇక్కడ ఐస్ డ్యామ్ అంటారు. చాలామంది దాన్ని రూఫ్ సమస్య అనుకుని రూఫర్‌ని పిలుస్తారు. నిజానికి ఇంట్లోని వేడి అటిక్‌లోకి ఎక్కి, పైకప్పును వెచ్చబరిచి, దాని మీద మంచును కరిగిస్తుంది. ఆ నీరు జారి, కింద వేడి లేని చూరు దగ్గరికి రాగానే మళ్లీ గడ్డకడుతుంది. గడ్డ వెనక నీళ్లు నిలబడి షింగిల్స్ సందుల్లోంచి లోపలికి దిగుతాయి. కొత్త రూఫ్ వేసినా అటిక్‌లోకి వేడి వస్తున్నంతకాలం ఇది ఆగదు.

అటిక్‌లోకి ఎక్కగానే నాకు తగిలింది ఇంగువ వాసన. తాలింపు వాసన అటిక్‌లో ఉందంటే వంటింట్లో గాలి సీలింగ్ దాటి నేరుగా పైకి వస్తోందని అర్థం. మన ఇళ్లలో నేను మొదట వెతికే గుర్తు ఇదే, ఏ మెషిన్ పెట్టకముందే లీక్ ఎటువైపు ఉందో చెప్పేస్తుంది. ఆ ఇంట్లో వంటింటి అల్మరాల పైన సీలింగ్ నుంచి కిందికి దించి కట్టిన పెట్టె లాంటి భాగం ఉంది. 60ల నాటి ఇళ్లలో ఇది మామూలే. దాని పైన అటిక్ వైపు డ్రైవాల్ (గోడలకీ సీలింగ్‌కీ వేసే జిప్సం పలక) వేయలేదు. అంటే అల్మరాల వెనక గోడ సందులోంచి అటిక్‌లోకి పన్నెండు అడుగుల పొడవున తెరిచిన దారి. దాని మీద పరిచిన ఫైబర్‌గ్లాస్ బ్యాట్ (దుప్పటిలా పరిచే ఇన్సులేషన్) నల్లగా మారింది. గాలి అందులోంచి పోతూ పోతూ దుమ్మును అక్కడ వదిలేయడం వల్ల వచ్చిన నలుపు అది. నల్లబడిన బ్యాట్ ఎక్కడ కనిపించినా దాన్ని ఎత్తి చూడండి, కింద రంధ్రం ఉంటుంది.

మిగతావి కూడా చెప్తాను. పాత ఇన్సులేషన్ మూడున్నర అంగుళాల బ్యాట్లు, కాగితం పొర కిందికి ఉండేలా వేశారు, కొత్తగా ఉన్నప్పుడు ఆర్-11. ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే సంఖ్య, ఎంత ఎక్కువైతే అంత మంచిది. మధ్యలో జాయిస్టుల (సీలింగ్‌ను మోసే చెక్క దూలాల) మీద ప్లైవుడ్ పరిచి దాని మీద సూట్‌కేసులు, పాత మైక్రోవేవ్, దీపావళి లైట్ల పెట్టెలు పెట్టారు. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటికి పోకుండా అటిక్‌లోనే తెరిచి ఉంది. దానికి ఎదురుగా ఉన్న పైకప్పు చెక్కకు నల్లటి మచ్చలు, మేకుల చివర్లకు తుప్పు. సోఫిట్ వెంట్లు (చూరు అడుగున గాలి కోసం పెట్టే కన్నాలు) ఉన్నాయి కానీ బ్యాట్లను చూరు చివరిదాకా తోసేయడంతో గాలి లోపలికి రాదు. వంటింట్లో తర్వాతెప్పుడో పెట్టించిన ఆరు క్యాన్ లైట్లు (సీలింగ్ లోపలికి దిగి ఉండే డబ్బా లైట్లు), ఇన్సులేషన్ తగిలేలా వాడకూడని పాత రకం.

బ్లోయర్ డోర్ పెట్టి కొలిస్తే 3,100 సీఎఫ్ఎం50 వచ్చింది. ముందు తలుపుకు ఫ్యాన్ బిగించి ఇంట్లో పీడనాన్ని బయటికంటే 50 పాస్కల్స్ తగ్గించినప్పుడు నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి సందుల్లోంచి దూరుతుందో ఆ సంఖ్య. ఇంత ఇంటికి అది చాలా ఎక్కువ.

ముందుగా "కాదు" అనాల్సిన సందర్భాలు

నేను ఇంకేదీ మాట్లాడకముందు చూసినవి ఇవి. 1990కి ముందు కట్టిన ఇంట్లో బూడిద, గోధుమ రంగు కలిసి మెరుస్తున్న గులకల్లాంటి ఇన్సులేషన్ కనిపిస్తే అది వర్మిక్యులైట్. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన వర్మిక్యులైట్‌లో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. ఆ గని 1990లో మూతపడింది, కానీ అప్పటిదాకా దేశంలో అమ్ముడైన దాంట్లో ఎక్కువ భాగం అక్కడిదే. దాన్ని కదపకూడదు, ఊడవకూడదు, అటిక్‌లోకి మళ్లీ ఎక్కకూడదు. ఆ పని సొంతంగా చేసే పని కాదు. ఇంకా పాత ఇళ్లలో పింగాణీ ముక్కల మీద నడిచే నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ ఉంటుంది, దానికి చుట్టూ గాలి ఉంటేనే వేడి పోతుంది, దాని మీద ఇన్సులేషన్ కప్పకూడదు. రూఫ్ ఇప్పటికీ కారుతూ ఉంటే ముందు అది బాగుచేయించాలి.

ఈ ఇంట్లో ఈ మూడూ లేవు. పైకప్పు చెక్క మీది మచ్చలు పైపైన ఉన్నవే, చెక్క గట్టిగానే ఉంది. తేమ రావడం ఆగిపోతే ఆ మచ్చలు పెరగవు. అందుకే సొంతంగా చేసుకోవచ్చని చెప్పాను. విద్యుత్ పని మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వమన్నాను. ఆయన ఆరు పాత క్యాన్ లైట్లు తీసేసి, ఇన్సులేషన్ తగిలినా ప్రమాదం లేని పలుచటి ఎల్ఈడీ లైట్లు పెట్టారు, మూత లేని రెండు జంక్షన్ బాక్సులకు మూతలు వేశారు.

ఏ మెటీరియల్, ఎంత

బ్లోన్-ఇన్‌లో ఇళ్లవాళ్లకు దొరికేవి ప్రధానంగా రెండు. సెల్యులోజ్ అంటే పాత వార్తాపత్రికలను పొట్టుగా చేసి బోరేట్ లాంటి మందులు కలిపినది, అంగుళానికి సుమారు ఆర్-3.5 నుంచి 3.7. ఊదే ఫైబర్‌గ్లాస్ తేలిక, అంగుళానికి సుమారు ఆర్-2.2 నుంచి 2.7. పెద్దాయన బస్తా మీద బొమ్మ చూసి అడిగారు: "కాగితమే గదా బాబూ, అంటుకోదా?" సరైన ప్రశ్న. ఒక గుప్పెడు ఇనప పళ్లెంలో వేసి గరాజ్ బయట బ్లోటార్చితో మంట పెట్టి చూపించాను. పైన నల్లగా మాడింది, మంట తీయగానే ఆగిపోయింది. బోరేట్ వల్ల పొట్టు మాడుతుంది కానీ మంట సాగదు. అయినా ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే యంత్రం) పొగ గొట్టానికి అది తగలకుండా చూడడం తప్పనిసరి, దాని గురించి కింద చెప్తాను.

ఈ ఇంటికి సెల్యులోజ్ చెప్పాను. పాత బ్యాట్ల మధ్య సందులన్నీ అది నిండుగా పూడుస్తుంది. బరువు చూశాకే చెప్పాను. ఈ ఇంట్లో పాత ఆర్-11 మీద కొత్తగా వేయాల్సింది ఆర్-38 (ఎందుకో కింద చెప్తాను), దానికి సెల్యులోజ్ చదరపు అడుగుకి సుమారు 1.35 పౌండ్లు వస్తుంది. అర అంగుళం డ్రైవాల్‌ను 16 అంగుళాల దూరంలో ఉన్న జాయిస్టులకు బిగిస్తే చదరపు అడుగుకి 2.2 పౌండ్లు మోస్తుంది. ఈ ఇంట్లో అలాగే ఉంది. కానీ కొత్త ఇళ్లలో చాలాచోట్ల ట్రస్సులు (జాయిస్టుల బదులు వాడే చెక్క చట్రాలు) 24 అంగుళాల దూరంలో ఉంటాయి, అక్కడ అర అంగుళం మామూలు డ్రైవాల్‌కి పరిమితి 1.3 పౌండ్లే. అలాంటి చోట ఇంత సెల్యులోజ్ వేస్తే కొన్నాళ్లకు సీలింగ్ వాటి మధ్య కిందికి వంగే ప్రమాదం ఉంది. నొవైలో కొత్త ఇళ్లు ఉన్న స్నేహితులకు నేను ఫైబర్‌గ్లాస్ చెప్పేది అందుకే. ఏ వీడియోలోనూ ఈ మాట చెప్పగా వినలేదు, కొనేముందు జాయిస్టుల దూరం టేపుతో కొలవండి.

ఎంత వేయాలన్నది తర్వాతి ప్రశ్న. మా ప్రాంతం ఐదో క్లైమేట్ జోన్. అప్పటికే మూడు నాలుగు అంగుళాల ఇన్సులేషన్ ఉన్న అటిక్‌ను ఆర్-49 దాకా తీసుకెళ్లమని అమెరికా ప్రభుత్వ కార్యక్రమం ఎనర్జీ స్టార్ చెప్తుంది, అసలేమీ లేకపోతే ఆర్-60. పాత ఆర్-11కి ఆర్-38 కలిపితే ఆర్-49 అవుతుంది. భర్త "అన్నా, ఎలాగూ మెషిన్ తెస్తున్నాం కదా, అరవైకి పోదాం" అన్నాడు. లెక్క కాగితం మీద వేసి చూపించాను. బయట 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు, లోపల 70 ఉన్న రోజు 1,300 చదరపు అడుగుల సీలింగ్ ఆర్-11 ఉంటే గంటకు సుమారు 5,900 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) పోగొడుతుంది. ఆర్-49 అయితే 1,330. ఆర్-60 అయితే 1,080. ఆర్-11 నుంచి ఆర్-49కి వెళ్తే 4,600 మిగిలితే, అక్కడినుంచి ఆర్-60కి వెళ్తే మిగిలేది 250. ఆ బస్తాల డబ్బుతో లీకులు మూయడానికి మంచి సామాను కొనమన్నాను. ఒప్పుకున్నాడు.

ఊదేముందు చేసిన పని

ఎక్కువ శ్రమ, ఎక్కువ ఫలితం ఇక్కడే. అక్టోబర్‌లో చేశారు. ఎండాకాలంలో మిషిగన్ అటిక్ కూడా మధ్యాహ్నానికి మనిషి ఉండలేనంత వేడెక్కుతుంది, జనవరిలో ఫోమ్ సరిగ్గా గట్టిపడదు.

సూట్‌కేసులు, ప్లైవుడ్ అన్నీ కిందికి దించారు. దీని మీద ఇంట్లో కొంచెం వాదన జరిగింది. "ఇండియా వెళ్లినప్పుడు ఆరు సూట్‌కేసులు ఎక్కడ పెట్టుకోవాలి అన్నయ్యా?" అని భార్య అడిగింది. జాయిస్టుల మీద చెక్క పరిస్తే దాని కింద అయిదున్నర అంగుళాల చోటే ఉంటుంది. అంటే ఆ భాగం ఎప్పటికీ ఆర్-49 కాదు. ఎత్తు కట్టి పైన చిన్న వేదిక వేసుకోవచ్చు, కానీ ఆ రాంచ్ పైకప్పు ఏటవాలు తక్కువ, నిలబడే చోటే లేదు. సూట్‌కేసులు బేస్‌మెంట్‌కి వెళ్లాయి.

వెచ్చబడిన గాలి ఎప్పుడూ పైకి పోవాలని చూస్తుంది. చలికాలంలో కింద బేస్‌మెంట్ సందుల్లోంచి చల్లగాలి దూరి, పైన సీలింగ్ సందుల్లోంచి వెచ్చటి గాలి బయటికి పోతుంది. స్టాక్ ఎఫెక్ట్ అంటారు దీన్ని. సెల్యులోజ్ గాలిని కొంత నెమ్మదింపజేస్తుంది కానీ ఆపలేదు. ఒంటి మీద స్వెట్టర్ వేసుకుని ఈదురుగాలిలో నిలబడితే చలి ఎలా దూరుతుందో ఇదీ అంతే. ఆపాల్సింది ముందు గాలిని.

వంటింటి పెట్టె మీద రెండు అంగుళాల గట్టి ఫోమ్ బోర్డు కోసి కప్పారు, అంచులన్నీ స్ప్రే ఫోమ్‌తో మూశారు. అది ఒక్కటి చేయగానే మళ్లీ బ్లోయర్ డోర్ పెట్టి చూస్తే లీకు బాగానే తగ్గింది. తర్వాత బ్యాట్లను వరసవరసగా మడిచి పక్కన పెడుతూ లోపలి గోడల టాప్ ప్లేట్లు (గోడ పై చివర అడ్డంగా ఉండే చెక్క) చూశారు. గోడ డ్రైవాల్‌కీ, పై చెక్కకీ మధ్య సన్నటి సందు ఇంటి పొడవునా ఉంటుంది. వైర్ల కోసం కొట్టిన రంధ్రాలు, ప్లంబింగ్ గొట్టం చుట్టూ ఉన్న ఖాళీ, బాత్రూమ్ పైన ఉన్న కటింగ్ అన్నీ ఫోమ్‌తో నింపారు. విసుగు పుట్టించే పని, మోకాళ్ల మీద పాకుతూ చేయాలి. భర్త సగానికొచ్చేసరికి "అన్నా, ఇంత సన్న సందు వల్ల ఏమవుతుంది" అన్నాడు. కలిపితే అది ఒక చిన్న కిటికీ రోజంతా తెరిచి పెట్టినట్టే అవుతుంది. గరాజ్‌కి ఆనుకున్న గోడ పైభాగాన్ని రెండుసార్లు చూడమన్నాను, ఎందుకంటే అక్కడినుంచి కారు పొగ ఇంట్లోకి రావొచ్చు.

పొగ గొట్టం దగ్గర ఫోమ్ పనికిరాదు. ఫర్నేస్, వాటర్ హీటర్ రెండిటి పొగా ఒకే రెండు పొరల లోహపు గొట్టంలోంచి పైకి వెళ్తుంది. దానికి, మండే ఏ వస్తువుకైనా మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. సీలింగ్ దగ్గర ఉన్న చతురస్రపు కన్నాన్ని రేకు కోసి మూసి, రేకుకీ గొట్టానికీ మధ్య అధిక వేడి తట్టుకునే సీలెంట్ వేశారు. దాని చుట్టూ రేకుతోనే పద్దెనిమిది అంగుళాల ఎత్తు గుండ్రటి అడ్డు కట్టారు, పొట్టు ఎప్పటికీ గొట్టానికి తగలకుండా.

చూరు వైపు ప్రతి రెండు రాఫ్టర్ల (పైకప్పును మోసే వాలు దూలాల) మధ్యా బ్యాఫిల్ పెట్టారు. బ్యాఫిల్ అంటే పైకప్పు చెక్కకి ఆనించి బిగించే వంపు తిరిగిన పలక, సోఫిట్ నుంచి వచ్చే గాలి దాని పైనుంచి అటిక్‌లోకి వెళ్తుంది, పొట్టు దాని కిందే ఆగిపోతుంది. ముందుగా చూరు చివరి బ్యాట్లను వెనక్కి లాగారు. ఆ చివర చిన్న ఫోమ్ ముక్కలు నిలబెట్టారు, లేకపోతే గాలికి పొట్టు సోఫిట్‌లోకి కొట్టుకుపోతుంది. ఇరుకు చోట, పైకప్పు మేకులు తలకు గుచ్చుకునే చోట పని. ఆ పని కోసం భర్తకు సైకిల్ హెల్మెట్ పెట్టించాను.

బాత్రూమ్ ఫ్యాన్‌కి ఇన్సులేషన్ చుట్టిన గొట్టం వేసి రూఫ్ మీది ప్రత్యేక మూతలోంచి బయటికి పంపారు. గొట్టం వంపులు లేకుండా, ఇన్సులేషన్ నిండుగా చుట్టి ఉండాలి, లేకపోతే ఆవిరి లోపలే చల్లబడి నీళ్లయి మళ్లీ ఫ్యాన్‌లోకి కారుతుంది.

చివరిగా అటిక్ మూత. అటిక్‌లోకి ఎక్కే కన్నం 22 బై 30 అంగుళాలు, అర అంగుళం చెక్క మూత. సీలింగ్ విస్తీర్ణంలో అది అర శాతం కూడా లేదు. అయినా ఆర్-49 సీలింగ్‌లో ఆ మూతను అలాగే వదిలేస్తే, మిగతా సీలింగ్ అంతా పోగొట్టే వేడిలో ఎనిమిది తొమ్మిది శాతంతో సమానంగా అది ఒక్కటే పోగొడుతుంది. పైన నాలుగు పొరల గట్టి ఫోమ్ అతికించి, అంచుకి గాలి ఆపే వెదర్‌స్ట్రిప్ వేసి, కన్నం చుట్టూ ప్లైవుడ్‌తో పదహారు అంగుళాల ఎత్తు గోడ కట్టారు. ఆ గోడ లేకపోతే మూత తీసిన ప్రతిసారీ పొట్టు నెత్తిన పడుతుంది. గరాజ్ మీద ఇన్సులేషన్ అవసరం లేదు కాబట్టి ఇల్లూ గరాజూ కలిసే గీత మీద కూడా ఇలాంటి అడ్డే కట్టారు.

ఇవన్నీ అయ్యాక పాత బ్యాట్లను మళ్లీ చోట్లలో పరిచారు. పైన ఇంకో ప్లాస్టిక్ షీట్ వేయాలా అని అడిగారు. వేయకూడదు. మధ్యలో ప్లాస్టిక్ ఉంటే లోపలి తేమ అక్కడ చిక్కుకుంటుంది.

ఊదిన రోజు

హోమ్ డిపో, లోస్ లాంటి దుకాణాల్లో కొన్ని బస్తాలకు మించి కొంటే ఊదే మెషిన్ ఆ రోజుకి ఉచితంగా ఇస్తారు. 25 పౌండ్ల బస్తాలు 70 తెచ్చారు. మిగిలినవి విప్పకపోతే వెనక్కి తీసుకుంటారు, కాబట్టి తక్కువ తెచ్చి మధ్యలో పరుగెత్తడం కంటే ఎక్కువ తెచ్చుకోవడం నయం.

బస్తా వెనక ఒక చార్ట్ ఉంటుంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన వల్ల ఇది అన్ని బస్తాల మీదా ఉంటుంది. ఏ ఆర్ విలువకి ఎన్ని బస్తాలు, ఎంత లోతు, చదరపు అడుగుకి ఎంత బరువు అని అందులో ఇస్తారు. లోతు రెండు రకాలుగా ఇస్తారు: ఊదినప్పటి లోతు, కొన్నాళ్లకు కూర్చున్నాక లోతు. సెల్యులోజ్ కొంత కుంగుతుంది. ఆర్-38కి కూర్చున్నాక సుమారు పదిన్నర అంగుళాలు కావాలంటే ఊదే రోజు దాదాపు పన్నెండు ఉండాలి. లోతు ఒక్కటే చూస్తే మోసపోవచ్చు, ఎక్కువ గాలి కలిపి ఊదితే అదే లోతు తక్కువ పొట్టుతో వస్తుంది. అందుకే బస్తాల లెక్క కూడా కలవాలి. నేను ఒక మూలలో చదరపు అడుగు పెట్టె పెట్టి నిండాక తూచి చూశాను, చార్ట్‌కి సరిపోయింది.

జాయిస్టులకు అంగుళాల గుర్తులున్న కాగితపు స్కేళ్లు ముందే బిగించారు. కోడ్ ప్రకారం ప్రతి 300 చదరపు అడుగులకి ఒకటి చాలు, మేము దానికి రెండింతలు పెట్టాం, ఎందుకంటే టార్చి వెలుగులో లోతు కళ్లకు తెలియదు. జంక్షన్ బాక్సుల దగ్గర పైకి కనిపించేలా కర్రలకు రిబ్బన్ కట్టారు.

ఇక పని విభజన. భర్త అటిక్‌లో హోస్ పట్టుకున్నాడు, భార్య గరాజ్ దగ్గర మెషిన్‌లో బస్తాలు వేసింది, పెద్దాయన బస్తాలు కోసి గట్టి ముద్దలు చేత్తో చిదిపి ఇచ్చారు. చిదపకుండా వేస్తే హోస్ మధ్యలో అడ్డుపడుతుంది. అందరికీ ఎన్95 మాస్కులు, కళ్లద్దాలు. పైన ఉన్న మనిషికి కింద మాట వినిపించదు కాబట్టి ఫోన్‌లో కాల్ పెట్టి ఇయర్‌ఫోన్లతో మాట్లాడుకున్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మెషిన్ ఆపమని చెప్పడానికి దారి లేకపోతే హోస్ ఊడినప్పుడు పెద్ద ఇబ్బంది. దూరపు మూలల నుంచి మొదలుపెట్టి మూత వైపు వెనక్కి రావాలి, హోస్ చివరను నేలకు సమాంతరంగా పట్టి కొంచెం దూరం నుంచి వదలాలి. జాయిస్టుల మీదే అడుగు వేయాలి, మధ్యలో అడుగు పడితే కింద గదిలోకి దిగుతుంది. రెండు ప్లైవుడ్ ముక్కలు జరుపుకుంటూ వాటి మీద మోకాళ్లు ఆనించి వెనక్కి వచ్చాడు. పొట్టు గుట్టలు గుట్టలుగా పడిన చోట చీపురు వెనక భాగంతో సమం చేశాడు. ఒక చోట అడుగున్నర, ఇంకో చోట ఆరు అంగుళాలు ఉంటే సగటు సరిపోయినట్టు కనిపిస్తుంది కానీ వేడి పలచటి చోటునుంచే పోతుంది.

మధ్యాహ్నం మొదలుపెట్టి చీకటి పడేలోపు ముగిసింది.

తర్వాత చూసినవి

ఇల్లు బిగిశాక తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది, నన్ను అడిగితే ఇదే అన్నిటికంటే ముఖ్యం. గాలి దూరే చోట్లు తగ్గితే, వాటర్ హీటర్ పొగ పైకి పోకుండా బేస్‌మెంట్‌లోకి వెనక్కి తన్నే అవకాశం ఉంది. బాత్రూమ్ ఫ్యాన్, వంటింటి ఫ్యాన్, బట్టల డ్రయ్యర్ అన్నీ ఒకేసారి వేసి, కిటికీలన్నీ మూసి, వాటర్ హీటర్ వెలిగించి పొగ పైకి లాగుతోందా లేదా చూడాలి, కార్బన్ మోనాక్సైడ్ కొలవాలి. ఇక్కడ పొగ బాగానే లాగింది. అయినా బేస్‌మెంట్‌లో, పడకగదుల బయట మోనాక్సైడ్ అలారాలు పెట్టించాను. సొంతంగా లీకులు మూసుకునేవాళ్లు ఎవరైనా, గ్యాస్ వాటర్ హీటర్ ఇంట్లో ఉంటే, ఈ పరీక్ష కోసమైనా ఒక ఆడిటర్‌ని పిలవండి.

బ్లోయర్ డోర్ సంఖ్య 3,100 నుంచి 2,350కి వచ్చింది. తర్వాతి చలికాలంలో చూరుకి మంచు ముక్కలు వేలాడాయి కానీ గడ్డకట్టి నీళ్లు లోపలికి రాలేదు. చుట్టుపక్కల ఇళ్ల పైకప్పుల మీద మంచు కరిగి నల్లటి చారలు కనిపిస్తుంటే ఈ ఇంటి మీద తెల్లగా నిలిచింది. పాప గదికీ హాలుకీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఏడు డిగ్రీల నుంచి రెండుకి తగ్గింది. ఫిబ్రవరిలో అటిక్‌లో మూత తీసి తల పెట్టి చూశాను, ఇంగువ వాసన లేదు, మేకుల చివర్ల మీద మంచు పొడి లేదు.

గ్యాస్ వాడకాన్ని ఆ చలి తీవ్రతకి సరిచేసి చూస్తే సుమారు ఐదో వంతు తగ్గింది. డాలర్లలో ఏడాదికి రెండు వందల పైచిలుకు. ఇన్సులేషన్ వేస్తే బిల్లు సగమవుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. మిషిగన్‌లో గ్యాస్ చవక కాబట్టి డాలర్లలో మిగులు ఇంతే. కరెంటు హీటర్లతో నడిచే ఇంట్లో అయితే మిగులు ఇంకా ఎక్కువ.

ఖర్చు: సెల్యులోజ్‌కి సుమారు 1,050 డాలర్లు, ఫోమ్, బోర్డులు, బ్యాఫిల్స్, రేకు, ఫ్యాన్ గొట్టం కలిపి ఇంకో 450, ఎలక్ట్రీషియన్ వేరు. కాంట్రాక్టర్లు చెప్పిన ధర దీనికి రెండింతలకు పైన, అందులో గాలి లీకులు మూసే పని ఒక్కరే రాశారు. పని 2024లో అయింది కాబట్టి ఇన్సులేషన్, లీకులు మూసే సామాను ఖర్చులో 30 శాతం ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ వచ్చింది. ఆ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ముగిసింది, ఇప్పుడు చేసేవాళ్లు దాన్ని లెక్కలో వేసుకోవద్దు. కొన్ని గ్యాస్ కంపెనీల రిబేట్లు కాంట్రాక్టర్ చేసిన పనికే ఇస్తారు, సొంతంగా మొదలుపెట్టేముందు ఫోన్ చేసి అడగండి.

ఈ ఇంట్లో ఇంకా మిగిలింది బేస్‌మెంట్ గోడ పైన చుట్టూ ఉండే రిమ్ జాయిస్ట్. పైన మూశాం కానీ గాలి కిందినుంచి దూరే చోటు అదే. ఫోమ్ బోర్డు ముక్కలు కోసి అంచులు ఫోమ్‌తో మూసే పని, నిలబడి చేసుకోవచ్చు. అది అయ్యాక వాటర్ హీటర్ పరీక్ష మళ్లీ చేస్తాను.